వెలుగునకు తగ్గి, వేడికి తేరుకొను సౌరఘటములు

కొంతకాలము క్రిందట మా కేంద్రమునకు ప్రకాశం జిల్లా మెట్టప్రాంతమునుండి ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు. వారి యూరిలో పిల్లలు రాత్రిపూట కూర్చుండి చదువుకొనుటకు ఒక చావడి కలదు. కరెంటు పోయినప్పుడెల్ల చదువు ఆగిపోవుచున్నదని వీరు ఇంటింటికి తిరిగి చందాలు పోగుచేసి, ఆ చావడి కప్పుమీద రెండు సోలారు ప్యానెళ్లు పెట్టించిరి. అది శ్రావణమాసము. మొదటి రెండు నెలలు దీపములు రాత్రి ఆరుగంటలపాటు నిరాటంకముగా వెలిగినవి. ఊరివారు మెచ్చుకొనిరి. కార్తికము వచ్చునప్పటికి ఆరు గంటలు అయిదైనవి. సంక్రాంతినాటికి నాలుగున్నర. అంతట ఊరిలో మాటలు బయలుదేరినవి. మాస్టారికి ఎవరో పాతసరుకు అంటగట్టినారని కొందరనిరి. ఇందులో మాస్టారికి ఎంత ముట్టినదో అని మరికొందరనిరి.

ఉత్తరము చివర వారిట్లు వ్రాసిరి: "అయ్యా, ముప్పదియారేండ్లు బడిపంతులుగా పనిచేసితిని. ఒకరి పైస ముట్టి యెరుగను. నేను మోసపోతినా, లేక నాకు తెలియని శాస్త్రమేదైన ఇందులో ఉన్నదా? రేడియోలో చెప్పింపుడు. మా ఊరివారు విందురు."

ఈ ఉత్తరమునకు రెండు ముక్కలలో జవాబు చెప్పుట తగదని మాకు తోచినది. ఇందులో రూపాయలకన్న ఒక మనిషి పరువు ఎక్కువగా చిక్కుకొని ఉన్నది. కనుక ముందుగా ఆ ఫలకముల వెనుక అంటించిన చీటిలో ఏమున్నదో ఉన్నదున్నట్లు ఎత్తివ్రాసి పంపుమని వారికి జాబు వ్రాసితిమి. వారము తిరుగకుండ ప్రతి వచ్చినది. చీటిలో వాట్ల లెక్కతోబాటు, ఆ ఫలకము అస్ఫటిక సిలికానుతో చేసిన పలుచని పొర అని ఉన్నది. ఆ ఒక్క మాటతో చిక్కు సగము విడిపోయినది. తక్కిన సగము విడిపోవుటకు ఆ పలుచని పొరలో వెలుగును వేడియు చేయు పనిని మనము కొంత తెలిసికొనవలెను.

సౌరఘటమనగా వెలుగును నేరుగా విద్యుత్తుగా మార్చు సాధనము. ఇట్టి ఘటములను అనేకము వరుసగా కలిపి, గాజుతో మూసి, చట్రములో బిగించినదే మనము ప్యానెలు అని పిలుచు ఫలకము. నేడు ప్రపంచములో తయారగు ఫలకములలో నూటికి 90కి పైగా స్ఫటిక సిలికానుతో చేసినవే. స్ఫటికములో సిలికాను పరమాణువులు నేర్పరియైన తాపీమేస్త్రి పేర్చిన ఇటుకలవలె వరుస తప్పక నిలిచి ఉండును. ఒక్కొక్క పరమాణువునకు నాలుగు చేతులున్నవనుకొందము. నాలుగింటితోను అది నలుగురు పొరుగువారిని పట్టుకొని ఉండును. వెలుగు వచ్చి తాకినప్పుడు కదలిన ఎలక్ట్రానులు ఈ క్రమమైన కట్టడములో అడ్డులేక పోగలవు. కాని ఇట్టి స్ఫటికమును పెంచుటకు సిలికానును 1,400 డిగ్రీలకు పైగా కరగింపవలెను. దానిని పలుచని బిళ్లలుగా కోయవలెను. ఆ బిళ్లల మందము మిల్లీమీటరులో ఆరవ వంతు, ఏడవ వంతు ఉండును.

పలుచని పొరల దారి వేరు. సిలేను అను వాయువును పల్చని ఒత్తిడిలో ఉంచి, దానిలో విద్యుత్తును ప్రసరింపజేసి మిలమిలలాడునట్లు చేసినచో, అందులోని సిలికాను సుమారు 200 డిగ్రీల వేడిలో ఉన్న గాజుమీద పొరగా దిగును. ఆ పొర మందము మిల్లీమీటరులో వెయ్యవ వంతుకన్న కూడ తక్కువ. మన తలవెండ్రుక దానికన్న వందరెట్లకు పైగా లావు. సరుకు స్వల్పము, వేడి స్వల్పము, ఖర్చును స్వల్పము. అయితే ఇందులో పరమాణువులు వరుసగా నిలువవు. దొరికిన రాళ్లను దొరికినట్లు పేర్చిన గట్టువంటి దీ కట్టడము. పట్టుకొనుటకు పొరుగువాడు దొరకని చేతులు కొన్ని ఊరక వ్రేలాడుచుండును. పోవుచున్న ఎలక్ట్రానును ఈ ఖాళీచేతులు పట్టి ఆపివేయును. సిలేను వాయువునుండియే వచ్చిన హైడ్రోజను ఈ చేతులలో అధికభాగమును పట్టుకొని శాంతింపజేయును. పొరలోని పరమాణువులలో నూటికి పది వరకు హైడ్రోజనువే. ఈ హైడ్రోజను లేనిచో అస్ఫటిక సిలికాను సౌరఘటమునకు కొరగాదు.

స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమున స్పియర్, లికోంబర్ అను ఇరువురు 1975లో ఇట్టి పొరకు ఇతర మూలకములను కొద్దిగా చేర్చి దాని విద్యుద్వాహకతను కోరినట్లు మార్చవచ్చునని నిరూపించిరి. మరుసటి యేడే, 1976లో, అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థ పరిశోధనాలయమున డేవిడ్ కార్ల్‌సన్, క్రిస్టొఫర్ రాన్‌స్కీ అనువారు దీనితో సౌరఘటమును చేసి చూపిరి. దాని దక్షత 2.4 శాతము, అనగా పడిన వెలుగు నూరు పాళ్లయినచో విద్యుత్తుగా మారినది 2.4 పాళ్లు. స్వల్పమే అయినను అది ఆరంభము. చమురు ధరలు చుక్కలనంటిన దినములవి. చౌకగా సౌరవిద్యుత్తు లభించు దారి తెరచుకొన్నదని లోకము సంతోషించినది.

ఆ సంతోషము నడుమనే 1977 వచ్చినది. అదే పరిశోధనాలయమున డేవిడ్ స్టేబ్లర్ అను శాస్త్రజ్ఞుడును, ముందుటేడు ఘటమును చేసిన ఆ రాన్‌స్కీయే రెండవవాడుగను, ఒక చిన్న పత్రమును ప్రకటించిరి. అందులోని సంగతి ఇది: ఈ పొరను చాలసేపు వెలుగులో ఉంచినచో దాని విద్యుద్వాహకత పడిపోవును. వెలుగులో కొలిచినను తగ్గును. చీకటిలో కొలిచినచో దాదాపు పదివేల రెట్లు తగ్గును. ఏ వెలుగుకొరకు ఈ వస్తువు పుట్టినదో ఆ వెలుగే దానిని చెరచుచున్నది! కాని పత్రములో రెండవ సగము కూడ కలదు. చెడిన పొరను 150 డిగ్రీలకు పైగా వేడిచేసి చల్లార్చినచో అది మరల మొదటి స్థితికి వచ్చును. మరల వెలుగులో ఉంచిన మరల తగ్గును. మరల కాచిన మరల తేరుకొనును. ఈ ఇరువురి పేర్లమీదనే దీనిని నేటికిని స్టేబ్లర్–రాన్‌స్కీ ఫలితమని పిలుచుచున్నారు.

ఇక్కడ ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. తాను కనిపెట్టిన ఘటమును లోకము పొగడుచున్న సమయమున, మరుసటి యేడే దాని లోపమును తానే ప్రకటించుట సామాన్యమైన పని కాదు. ఆ పని జరిగినందుననే తరువాత వచ్చినవారు లోపమును దాచుకొనక, దానితో పోరాడి దారులు వెదకిరి. మన మాస్టారి ప్రశ్నకు నేడు మనము జవాబు చెప్పగలుగుచున్నామన్నచో అదియు ఆ పత్రము చలువయే.

వెలుగు పొరను ఎట్లు చెరచును? వెలుగు తాకినప్పుడు ఎలక్ట్రాను తన చోటు విడిచిపోవును. అది విడిచిన చోట ఒక ఖాళీ మిగులును. ఎలక్ట్రాను బయటి తీగెలోనికి చేరినచో అది మనకు విద్యుత్తు. చేరక, దారిలోనే ఒక ఖాళీలో పడిపోయినచో, అప్పుడు వెలువడు శక్తి చుట్టునున్న బలహీనమైన బంధములమీద పడును. క్రమము తప్పిన కట్టడము గనుక ఇందులో బిగువు చాలని బంధములు చాల కలవు. వాటిలో కొన్ని తెగి క్రొత్తగా ఖాళీచేతులు పుట్టును. ఇవి మరికొన్ని ఎలక్ట్రానులను పట్టి ఆపును. హైడ్రోజను అటునిటు కదలుటయు ఇందులో పాలుగొనును. ఎంత పాలుగొనునను విషయమున శాస్త్రజ్ఞులలో వాదములు నేటికిని సాగుచున్నవి. వేడిచేసినప్పుడు పరమాణువులకు కొంత కదలిక వచ్చును. తెగిన చేతులు మరల కలిసికొనును.

ఇట్టి వింత మన ఊళ్లలో క్రొత్తది కాదు. కంసాలి బంగారు తీగెను సాగగొట్టుచున్నకొలది అది బిరుసెక్కును. ఇంక కొట్టినచో విరుగుననగా అతడు దానిని నిప్పులలో పెట్టి కాల్చును. తీగె మరల మెత్తబడి పనికి లొంగును. లోపల జరుగు క్రియ రెంటికి వేరు. కాని చెదరిన పరమాణువులకు వేడి కొంత కదలికనిచ్చి, అవి తిరిగి కుదురుకొను వీలు కల్పించుట రెంటికిని సమానమే.

అస్ఫటిక సిలికాను ఘటములు మొట్టమొదట ఇండ్లలోనికి వచ్చినది కప్పుమీదికి కాదు, జేబులోనికి. జపాను దేశపు సాన్యో సంస్థ 1980లో లెక్కలు చేయు చిన్న యంత్రములకొరకు ఈ ఘటములను తయారుచేయ మొదలిడినది. మన ఇండ్లలో బ్యాటరీ లేకుండ పనిచేయు క్యాలిక్యులేటరు పైభాగమున కనబడు ముదురు గోధుమరంగు పట్టీ ఈ జాతిదే. గదిలోని మసకవెలుగులో దానికి పడు దెబ్బ స్వల్పము. దానికి కావలసిన విద్యుత్తును స్వల్పమే. కనుక ఏండ్లతరబడి అది సణగక పనిచేయును. మా కార్యాలయమున బల్లమీద అట్టిదొకటి కలదు. ప్రసంగముల నిడివి లెక్క చూచుకొనుటకు దానినే వాడుచున్నాము.

కప్పుమీది కథ వేరు. అక్కడ మండుటెండ. ఒకే పొర గల అస్ఫటిక సిలికాను ఫలకము ఎండలో పెట్టిన తరువాత మొదటి కొన్నివందల గంటలలోనే తన తొలిశక్తిలో నూటికి 15 మొదలు 30 వంతుల వరకు కోల్పోవును. పిమ్మట తగ్గుట నెమ్మదించును. సుమారు వెయ్యిగంటల ఎండ తిన్నమీదట అది దాదాపుగా స్థిరపడును. ఎందుకు స్థిరపడును? ఎండలో ఉన్న ఫలకము వేడెక్కును గదా! ఆ వేడి 150 డిగ్రీలు కాకపోయినను, కొద్దికొద్దిగా మరమ్మతు సాగించుచునే ఉండును. వెలుగు తెంపునదియు వేడి అతుకునదియు సరితూగిన చోట ఫలకము నిలిచిపోవును.

అందుననే ఈ ఫలకములకు ఋతువులు తెలియును. మన వేసవిలో, రోళ్లు పగులునని చెప్పుకొను రోహిణికార్తెలో, గాలియే 45 డిగ్రీలను తాకుచుండగా ఫలకము 60, 70 డిగ్రీల వరకు కాగును. అప్పుడు అతుకుడు పని ముందంజ వేయును. ఫలకము శీతకాలమున పోగొట్టుకొన్నదానిలో కొంత తిరిగి సంపాదించుకొనును. మరల చలిదినములలో కొంత దిగజారును. వేసవి ఎండలోని రంగుల పాలు ఈ జాతి ఘటమునకు అనుకూలించుటయు ఈ హెచ్చునకు మరొక కారణము.

ఇక్కడ ఒక పొరపాటు కలుగవచ్చును. వేడి మేలు చేయునన్నచో ఫలకము ఎంత కాగిన అంత మంచిదా? కాదు. వేడి రెండు పనులు చేయును. ఒకటి వెంటనే కనబడునది, అది నష్టము. స్ఫటిక సిలికాను ఫలకము ఒక్కొక్క డిగ్రీ వేడెక్కినకొలది తన శక్తిలో నూటికి సుమారు 0.4 వంతు కోల్పోవును. అస్ఫటిక సిలికానుకు ఈ నష్టము అందులో సగము మాత్రమే. ఫలకము చల్లబడగానే ఈ నష్టము పూడిపోవును. రెండవది దినముల తరబడి లోలోపల జరుగు మరమ్మతు, అది లాభము. ఇంకొక హెచ్చరిక: ఫలకమును ఇంటివద్ద పొయ్యిమీదనో, పెనముమీదనో కాచి బాగుచేయుదమని ఎవరును తలపెట్టరాదు. 150 డిగ్రీల వేడిలో గాజును ఘటమును అతికించిన ప్లాస్టికు పొర చెడును; అతుకులు ఊడును. ఆ ప్రయోగము పరిశోధనాలయములో విడి ఘటములకే చెల్లును.

పలుచని పొరలలో సిలికానుతోబాటు ఇతర జాతులును కలవు. వెలుగు, వేడి వాటిమీద చేయు పని ఒకే తీరున ఉండదు. ఒక రోగికి పథ్యమైనది మరొకరికి అపథ్యమైనట్లే ఇదియు.

కాడ్మియం టెల్యురైడు అను పొరను చూడుడు. దానిని గాజుమీద పరచినంతమాత్రమున అది మంచి ఘటము కాదు. దానికి కాడ్మియం క్లోరైడు పూసి సుమారు 400 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషములు ఉంచవలెను. అప్పుడు అందులోని చిన్నచిన్న స్ఫటికరేణువులు సర్దుకొనును. రేణువుల సందులలోనికి క్లోరిను చేరి అక్కడి లోపములను కప్పివేయును. దానితో ఘటము దక్షత కొన్నిరెట్లు పెరుగును. ఈ ఒక్క కాపుడే లేనిచో ఆ పరిశ్రమయే లేదు. కాని కాడ్మియం క్లోరైడు నీట కరగు విషము. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2014లో దీనికి బదులు మెగ్నీషియం క్లోరైడు వాడి అంత ఫలితమును పొందవచ్చునని చూపిరి. తూర్పుదేశములలో సోయాపాలను గడ్డకట్టించుటకు వాడు చౌకయైన లవణమది.

రాగి, ఇండియం, గాలియం, సెలీనియం కలిపిన పొర మరొకటి. ఇది 500 డిగ్రీల ప్రాంతమున తయారగును. ఆ వేడికి క్రిందనున్న మామూలు గాజులోని సోడియము పైకి ప్రాకి పొరలో చేరి దానికి మేలు చేయును. వింత యేమనగా, ఈ జాతి ఘటములలో అనేకము ఎండ తగిలిన కొలదిసేపటికి మెరుగుపడును. చీకటిలో వేడిగా నిలువయుంచినచో తగ్గును. అనగా అస్ఫటిక సిలికానుకు సరిగా తలక్రిందులు! అక్కడ వెలుగు దెబ్బ, వేడి మందు. ఇక్కడ వెలుగు మందు.

ఇక అన్నిటికన్న చిన్నది పెరోవ్‌స్కైట్ జాతి. జపాను శాస్త్రజ్ఞుడు త్సుతోము మియసాకా బృందము 2009లో దీనితో చేసిన ఘటము దక్షత 3.8 శాతము. నేడు పరిశోధనాలయములలో చిన్నఘటములకు 25 శాతము దాటినది. ఈ పొరను ద్రావణముగా పూసి సుమారు 100 డిగ్రీలలో కొన్ని నిమిషములు కాచినచో చక్కని స్ఫటికములు కట్టును. కాని మొదట ప్రసిద్ధికెక్కిన రకమును 85 డిగ్రీలలో దినములతరబడి ఉంచినచో విచ్ఛిన్నమైపోవును. నిమిషముల వేడి ప్రాణము పోయును. దినముల వేడి ప్రాణము తీయును. ఎండలో అందులోని అయానులు చోటు మారి శక్తి కొంత తగ్గుటయు, రాత్రి చీకటిలో అవి మరలివచ్చి తెల్లవారునప్పటికి ఘటము కొంత తేరుకొనుటయు కూడ చూచుచున్నారు. ఈ జాతిని కప్పుమీద పాతికేండ్లు నిలుపుట ఎట్లు అనునదే నేటి శాస్త్రజ్ఞుల పెద్దసమస్య.

ఈ రంగమున మనవారు ఊరకుండలేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖలో పలుచని పొరల సౌరఘటములమీద చాలకాలముగా పరిశోధనలు జరిగినవి. మన పొరుగున తమిళనాడులో, చెన్నపట్టణమునకు సమీపమున, కాడ్మియం టెల్యురైడు ఫలకములను ఏడాదికి 3.3 గిగావాట్ల మేరకు తయారుచేయుటకై నిర్మించిన ఒక పెద్ద కర్మాగారమునకు 2024 జనవరిలో ప్రారంభోత్సవము జరిగినది. కనుక పలుచని పొరల మంచిచెడ్డలు మనకు దూరపు సంగతులు కావు.

ఇక ప్రశ్న ఏమనగా, ఎండకు తగ్గునదియు, ఎండకు పెరుగునదియు, చీకటికి మారునదియు ఇన్ని రకములుండగా ఒక ఫలకము శక్తి ఇంత అని నిర్ణయించుట ఎట్లు? ఏనాటి కొలతను నమ్మవలెను? మన ఇండ్లలో ఆవకాయ కలిపిననాడే రుచి తేల్చరు. మూడవనాడు తిరుగగలిపి, ఉప్పు, కారము, నూనె ముక్కకు పట్టినపిమ్మట గదా చెప్పుదురు! పలుచని పొరల ఫలకములకును అంతర్జాతీయ ప్రమాణములను ఏర్పరచినవారు ఇట్టి పద్ధతినే పెట్టిరి. ఫలకమును 50 డిగ్రీల పరిసరములలో ఉంచి వెలుగున ఎండబెట్టవలెను. చదరపు మీటరుకు 43 కిలోవాట్-గంటల వెలుగు పడిన తరువాత కొలిచి, మరల అంతే వెలుగు పడనిచ్చి కొలువవలెను. ఇట్లు వరుసగా తీసిన కొలతల నడుమ భేదము 2 శాతముకన్న తక్కువగువరకు సాగింపవలెను. మన ఇంటి మీటరులో యూనిట్ అని లెక్కించునదే కిలోవాట్-గంట. మన దేశమున నిర్మలమైన దినమున చదరపు మీటరుమీద 5, 6 యూనిట్ల వెలుగు పడును గనుక, ఒక్కొక్క విడత సుమారు ఎనిమిది దినముల ఎండతో సమానము. అట్లు కుదురుకొన్న తరువాతి సంఖ్యయే నమ్మదగినది.

లోపమును తగ్గించుటకును మార్గములు కనుగొనిరి. పొర ఎంత పలుచనైన, ఎలక్ట్రాను పోవలసిన దూరము అంత తక్కువ. దారిలో పడిపోవు ప్రమాదమును తక్కువ. కాని పలుచనిపొర వెలుగును పూర్తిగా పట్టలేదు. కనుక రెండుమూడు పలుచని ఘటములను ఒకదానిమీద నొకటి పేర్చిరి. ఇట్టి మూడంతస్తుల ఘటమొకటి 1997లో మొదట 14.6 శాతము దక్షతను చూపి, ఎండకు కుదురుకొన్నపిమ్మట 13.0 శాతమున నిలిచినది. నష్టము నూటికి పదకొండు వంతులకు దిగినదన్నమాట. అయినను ఈలోపల స్ఫటిక సిలికాను ధర విపరీతముగా పడిపోవుటచే అస్ఫటిక సిలికాను కప్పులమీద తన చోటును చాలవరకు పోగొట్టుకొన్నది.

ఇప్పుడు మన మాస్టారి చావడికి మరలుదము. వారు ఎత్తివ్రాసి పంపిన చీటిలో వాట్ల సంఖ్య ప్రక్కన చిన్న అక్షరములతో ఒక మాట ఉన్నది: ఈ సంఖ్య స్థిరపడిన పిమ్మటి శక్తి, మొదటి వారములలో ఇంతకన్న ఎక్కువ ఉండును. అనగా అమ్మినవారు రేటుకు ఇచ్చిన సరుకు ఇప్పుడు వెలుగుచున్నదే. మొదటి రెండు నెలలలో వెలిగిన అదనపు వెలుగు కొసరు. కొసరును అసలుగా భావించినందున, అది అయిపోగానే అసలే పోయినట్లు ఊరివారికి తోచినది. మాస్టారు మోసపోలేదు, మోసము చేయనూ లేదు. అమ్మకమునాడే ఆ చిన్న అక్షరములను ఎవరైన చదివి వినిపించి ఉండినచో ఇంత రభస ఉండెడిది కాదు.

అయినను తగ్గినదంతయు పొర తప్పేయని తేల్చివేయరాదని కూడ వారికి వ్రాసితిమి. గాజుమీద దుమ్ము పేరుకొన్నదా? కొమ్మ నీడ పడుచున్నదా? బ్యాటరీ పాతబడినదా? సంక్రాంతినాటి పగలు శ్రావణమునాటి పగటికన్న పొట్టిది గదా! ఇవన్నియు చూడవలెను. ఫలకమును ఉదయమున చల్లగా ఉన్నప్పుడు మెత్తని గుడ్డతో, మంచినీటితో కడుగవలెను. అన్నిటికన్న ముఖ్యముగా ఒక పుస్తకము పెట్టి దీపములు వెలిగిన గంటలను దినదినము వ్రాయవలెను. శ్రావణమును పుష్యముతో పోల్చక, ఈ యేటి వైశాఖమును వచ్చేయేటి వైశాఖముతో పోల్చవలెను. అట్లు పోల్చినప్పుడు ఏడాదికి నూటికి ఒక వంతు పరిసరములలో తగ్గినచో అది సహజమైన ముదిమి. అంతకు మించి తగ్గుచునే ఉన్నచో అప్పుడు అమ్మినవారిని నిలదీయుట న్యాయము.

క్రొత్తగా ఫలకము కొనువారికి కూడ మేము చెప్పునది ఇదియే. ఏ జాతి పొర? చీటిమీది సంఖ్య మొదటి దినముదా, కుదురుకొన్నపిమ్మటిదా? ఈ రెండు ప్రశ్నలు అడిగి, జవాబును వ్రాతమూలకముగా తీసికొనుడు. ఆ రెండు మాటలకు ఖర్చేమియు లేదు.

మా జాబు అందిన కొన్ని నెలలకు మాస్టారు మరల వ్రాసిరి. వైశాఖములో దీపములు అయిదు గంటలకు పైగా వెలుగుచున్నవట. ఆ చీటిలోని చిన్న అక్షరములను పెద్దవిగా తెలుగున వ్రాయించి చావడి గోడకు అంటించిరట. గంటల లెక్క వ్రాయు పని తొమ్మిదవ తరగతి చదువు ఒక ఆడపిల్ల తీసికొన్నదట. వెనుక మాటలన్నవారిలో ఒకరు వచ్చి ఆ పుస్తకమును తిరుగవేసి, ఏమియు అనక వెళ్లిపోయిరట. వచ్చే శ్రావణమునకు ఏడాది లెక్క పూర్తియగును. మరొక యేడు గడచి రెండు సంవత్సరముల లెక్కలు ప్రక్కప్రక్కన చేరిననాడు ఆ పుస్తకమును మాకు పంపెదమని వారు మాట ఇచ్చిరి. అది అందినపిమ్మట అందలి సంగతులను శ్రోతలకు మరల విన్నవింతుము.